కటి కీలు తప్పితే చిన్న గాటు ఆపరేషన్ సరిపోతుందా?

తమ్ముడూ, మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ నాన్నగారికి 47 ఏళ్లు. అయిదు రోజుల కిందట కవిటి దగ్గర దింపు తీస్తూ కొబ్బరిచెట్టు మీంచి పడ్డారు. ఎక్స్‌రేలో కటి (పెల్విస్) ముందువైపు ఎముకల మధ్య సందు నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుంది. వెనక కుడివైపు కీలు తప్పింది. కుడికాలు వేలి మందం పొట్టిగా కనిపిస్తోంది. శ్రీకాకుళంలో చేర్చారు, కాలికి బరువు కట్టారు, యూరిన్ పైపు పెట్టారు. చూస్తున్న డాక్టరు గారు "వెనక చిన్న గాటుతో స్క్రూలు వేసేద్దాం" అన్నారు. విశాఖలో ఉన్న మీ బావగారు "పెద్దగా కోసి ప్లేట్లు వేస్తేనే నిలుస్తుంది" అంటున్నారు. మీ నాన్నమ్మ "కోతలెందుకు బాబూ, కట్టు కట్టి మూడు నెలలు పడుకోబెడితే అదే అతుక్కుంటాది" అంటోంది. కిడ్నీ పనితనం చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్ చూస్తే 1.9. ఎవరి మాట వినాలి, మళ్లీ చెట్టెక్కగలరా అని అడిగారు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ గాయానికి చిన్న గాటు ఆపరేషన్ మంచి పద్ధతే, కానీ ఒక షరతు మీద. తప్పిన ఎముక ముందు తన చోటికి రావాలి. చోటికి వచ్చిన ఎముకని చిన్న గాటులోంచి బిగించవచ్చు. రాని ఎముకని ఎంత ముచ్చటైన గాటులోంచి బిగించినా తప్పుడు చోటే బిగించినట్టు. అది రావడం రాకపోవడం చాలావరకు రోజుల లెక్క మీద ఉంటుంది. మీకు అయిదు రోజులు అయిపోయాయి.

మన జనానికి పెల్విస్ అంటే వేరే పేరు లేదు. తుంటి అంటారు, నడుం అంటారు, ఆఖరికి "నడుం ఇరిగిపోనాది" అంటారు. తుంటి కీలు అంటే తొడ ఎముక బంతి గిన్నెలో కూర్చునే చోటు. మీ నాన్నగారిది అది కాదు. వెనక సేక్రమ్ అనే ముక్కోణపు ఎముక, దానికి అటూ ఇటూ రెండు పెద్ద తుంటి ఎముకలు, ఆ రెండూ ముందుకొచ్చి మర్మాంగం పైన కలుసుకునే చోటు, ఇదంతా కలిసి ఒక చుట్టు. చెగోడీని ఒక్కచోటే విరిచి తెరవడం మీ వల్ల కాదు, రెండోచోట కూడా విరుగుతుంది. ఇదీ అంతే. ముందు నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుంటే వెనక ఏదో ఒకటి తెగి తీరాలి. మామూలుగా ముందున్న సందు అయిదు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అది రెండున్నర సెంటీమీటర్లు దాటిందంటే వెనక కీలు ముందువైపు నరాలు తెగాయని మేం లెక్కేసుకుంటాం. నరాలంటే ఇక్కడ ఎముకకీ ఎముకకీ మధ్య ఉండే పట్టీలు, లిగమెంట్లు. కాలు కూడా పొట్టిదైందంటే వెనకవైపు పట్టీలు సైతం తెగి, ఆ పక్క తుంటి ఎముక మొత్తం పైకి జారిందన్నమాట.

ఒంటి బరువంతా వెన్ను మీంచి సేక్రమ్ మీదికి వచ్చి, ఈ వెనక కీళ్లు దాటి తొడల్లోకి దిగుతుంది. ఆ కీలు రెండు ముఖాలూ గతుకులుగా ఉంటాయి గానీ తలుపు గొళ్లెంలాగ ఒకదానిలో ఒకటి పడిపోవు. పట్టుకుని ఉంచేవి ఆ పట్టీలే. అవి తెగాక మంచం మీద ఎన్నాళ్లు పడుకోబెట్టినా ఎముక తనంతట తాను కిందికి దిగదు.

మీ నాన్నమ్మ మాట కొందరి విషయంలో నిజమే. స్నానాలగదిలో జారిపడిన డెబ్బై ఏళ్ల ముసలమ్మకి ముందువైపు సన్నటి ఎముక చిట్లి, చుట్టు కదలకుండా ఉంటే ఆపరేషన్ అక్కర్లేదు. నొప్పి మాత్ర వేసి, నాలుగు రోజుల్లో వాకర్ పట్టించి నడిపిస్తాం. అక్కడ కూడా మూడు నెలల పడక వద్దు. పడక అంటే వీపు పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాలి సిరల్లో రక్తం గడ్డలు. మీ నాన్నగారిది ఆ కోవ కాదు. నాటుకట్టు వెదురుబద్దలు చేతికో కాలికో చుట్టగలవు, ఈ చుట్టుకి ఎక్కడ చుడతారు? ఆవిడతో వాదించకండి. "కాలు పొట్టిగా అతుక్కుంటుందంట నాన్నమ్మా" అని ఒక్క ముక్క చెప్పండి, ఆవిడకి అర్థమవుతుంది.

ఉద్దానంలో, అంటే మీ కవిటి, సోంపేట వైపు, ఉన్నవాళ్లందరికీ పనికొస్తుంది కాబట్టి ఇక్కడొక మాట. చెట్టు మీంచి పడ్డవాళ్లకి, లారీ గుద్దినవాళ్లకి ఈ ఎముకలు తెరుచుకుంటే లోపల్లోపల రక్తం పోతుంది, బయటికి చుక్క కనపడదు. ఎక్కువగా పోయేది సేక్రమ్ ముందున్న సిరల గుబురులోంచీ విరిగిన ఎముకలోంచీ. చుట్టుని దగ్గరికి నొక్కితే ఆ రక్తం చాలావరకు తగ్గుతుంది. అందుకే దుప్పటో పంచో గట్టిగా చుట్టి ముడేయమంటాం. అందరూ నడుం దగ్గర, మొలతాడు కట్టే చోట చుడతారు. అది తప్పు. తొడల పైభాగంలో, పక్కకి చెయ్యి ఆనిస్తే గట్టిగా తగిలే ఎముక ఉంటుంది కదా, ఆ మట్టానికి చుట్టాలి. మోకాళ్లు రెండూ కలిపి కట్టాలి. పక్కకి దొర్లించడం, లేపి కూర్చోబెట్టడం, ఆటోలో ముడిచి ఎక్కించడం వద్దు. 108 వచ్చేదాకా వెల్లకిలా ఉంచాలి. యూరిన్ దారిలో రక్తం కనిపిస్తే పైపు బలవంతంగా దూర్చకూడదు, మూత్రనాళం తెగి ఉండొచ్చు. ముందు దానికి మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట, అప్పట్లో నేను పనిచేసే ఆసుపత్రిలో సీటీ లేదు. తాటిచెట్టు మీంచి పడిన ఒక కల్లుగీత కార్మికుడు వచ్చాడు. ముందు సందు తెరుచుకుంది. నేను బయటినుంచి రాడ్లు బిగించే ఫిక్సేటర్ వేసి ముందుభాగం మూసేశాను. ఎక్స్‌రేలో పేగుల్లో గాలి నిండి సేక్రమ్ సరిగ్గా కనపడలేదు. "బాగానే ఉన్నట్టుంది" అనుకున్నాను. మూడు వారాలయ్యాక వాకర్ మీద నిలబెడితే కాలు రెండు సెంటీమీటర్లు పొట్టి. వెనక కీలు పైకి జారే ఉంది, నేను చూసుకోలేదు. అప్పటికి లోపల గట్టి మచ్చకండ పేరుకుపోయింది, లాగితే రాలేదు. విశాఖ పంపితే అక్కడ తెరిచి, గంటల తరబడి గీకి, సగమే దింపగలిగారు. ఆయన ఇప్పటికీ చెప్పుకి మందం వేయించుకుని నడుస్తాడు. ఆ తర్వాత పెల్విస్ విరిగిన ఏ మనిషినీ సీటీ లేకుండా నేను ముట్టుకోలేదు. మొదటి వారంలో అయితే కాలికి పది పన్నెండు కిలోల బరువుతోనే చాలా ఎముకలు దిగివస్తాయి. రెండో వారంలో కష్టపడితే వస్తాయి. మూడు వారాలు దాటితే చిన్న గాటు మాట మరిచిపోవచ్చు.

మీ బావగారి మాటకొస్తాను. ఆయన అన్నది ఊరికే కొట్టిపారేసేది కాదు. ముందు సందు దగ్గర నాలుగు సెంటీమీటర్లు తెరుచుకున్నప్పుడు నేనూ కోసే ప్లేటు వేస్తాను. సిజేరియన్‌కి పెట్టే అడ్డగాటు లాంటిదే, పొత్తికడుపు కింద. అక్కడ కండని కొయ్యక్కర్లేదు, నిలువుగా విడదీస్తే చాలు. ఎముకలు కళ్లెదుట కలుస్తాయి, ఒక ప్లేటు, నాలుగైదు స్క్రూలు. ముందు మూసుకుంటే వెనకది కూడా సగం దారికి వస్తుంది. వెనక ఎముక పైకి జారినప్పుడు, పైజారుడు అంటాం, అదొక్కటే చాలదు.

పెద్దగా కొయ్యడం వద్దని నేననేది వెనక భాగం గురించే. పడ్డప్పుడు అక్కడి చర్మం, కండ నలిగిపోయి ఉంటాయి, లోపల నల్లటి రక్తం నిండి ఉంటుంది. దాన్ని పొడుగునా తెరిస్తే గాయం మానక చీము పట్టిన కేసులు పాత రోజుల్లో మేం చాలా చూశాం. అందుకే చర్మంలోంచి సన్నటి దారిన స్క్రూ వేసే పద్ధతి పుట్టింది. అమెరికాలో మాట్టా, సాసెడో 1989లో ఈ స్క్రూల పద్ధతిని రోగిని బోర్లా పడుకోబెట్టి చేసినట్టు రాశారు. 1990ల్లో రౌట్ అనే సర్జన్ వెల్లకిలా ఉంచే, ముందుభాగం పనితోపాటే, చర్మం మీద చిన్న గాటుతో వేయడాన్ని వాడుకలోకి తెచ్చారు. ఛాతీకి, తలకి కూడా దెబ్బ తగిలినవాళ్లని బోర్లా తిప్పే ప్రమాదం తప్పింది. ఈ రోజు మన జిల్లాల్లో చేసేది ఎక్కువగా ఆ రెండో పద్ధతే.

చిన్న గాటు అనగానే కెమెరా పెట్టే కీహోల్ ఆపరేషన్ అనుకుంటారు. ఇందులో కెమెరా లేదు. కన్ను అంతా సీ-ఆర్మ్ ఎక్స్‌రే మిషనే. రోగి సేక్రమ్ కింద మడత దుప్పటి పెట్టి కాస్త లేపుతాం. తొడ ఎముకలోంచి వేసిన పిన్నుని ఒకరు పట్టి లాగుతుంటారు, తుంటి ఎముక రెక్కలోకి ఒక మందమైన పిన్ను దింపి దాన్నే పిడిలా పట్టుకుని నేను ఎముకని కిందికీ లోపలికీ తిప్పుతాను. సీ-ఆర్మ్‌లో చూస్తాం. వచ్చిందా? రాకపోతే మళ్లీ. నిజానికి ఆపరేషన్ అంటే ఇదే, దీనికే గంట పట్టొచ్చు. కుదిరాక పిరుదు పక్కన సెంటీమీటరున్నర గాటు పెట్టి, సన్నటి తీగని తుంటి ఎముకలోంచి, కీలు దాటించి, సేక్రమ్ మొదటి పూసలోకి పంపుతాం. తీగ దారి మంచిదని తేలాక మధ్యలో బోలుగా ఉండే ఆరున్నర నుంచి ఏడు మిల్లీమీటర్ల పైచిలుకు మందం స్క్రూని, దారానికి పూస ఎక్కించినట్టు దాని మీదినుంచి తిప్పుకుంటూ పోతాం. తర్వాత తీగ బయటికి వస్తుంది. ఒకటి లేదా రెండు స్క్రూలు. పైజారుడు ఉంటే నేను రెండు వేస్తాను, రెండోది కింది పూసలోకి.

ఇందులో భయం ఎక్కడంటే, ఆ పూస దగ్గర స్క్రూకి దొరికే దారి ఇరుకు. ముందుకి జరిగితే సేక్రమ్ భుజం మీదినుంచి కాలికి దిగే ఎల్-5 నరం, పెద్ద రక్తనాళాలు. కిందికి జరిగితే ఎస్-1 నరం బయటికొచ్చే రంధ్రం. వెనక్కి జరిగితే నరాల గొట్టం. అందుకని ఒకే బొమ్మ నమ్మం. తల వైపునుంచి వాలుగా చూసే ఇన్‌లెట్ బొమ్మలో తీగ ముందుకి పోయిందో వెనక్కి పోయిందో తెలుస్తుంది. కాళ్ల వైపునుంచి చూసే ఔట్‌లెట్ బొమ్మలో పైకో కిందికో తెలుస్తుంది. పక్కనుంచి మూడోది. మూడింటిలోనూ లోపలే ఉంటేనే స్క్రూ. కొందరి సేక్రమ్ పుట్టుకతోనే వంకరగా ఉంటుంది, మొదటి పూసలో అడ్డంగా దారి ఉండదు. అది సీటీలో ముందే చూసుకుని కింది పూసకి పోతాం. థియేటర్‌లో దాన్ని కనుక్కోవడం అంటే ఆలస్యమైనట్టే.

ఇంకో చిన్న విషయం, పుస్తకాల్లో చిన్నక్షరాల్లో ఉంటుంది గానీ మాకు రోజూ తగిలేది: మలబద్ధకం. అయిదు రోజులు పడుకున్న మనిషికి పేగుల్లో గాలి, మలం నిండిపోయి ఔట్‌లెట్ బొమ్మ మబ్బుగా పడుతుంది. ముందురోజే ఎనిమా పెట్టించండి, సిగ్గుపడనివ్వకండి. టేబుల్ మధ్యలో ఇనుప స్తంభం ఉంటే సీ-ఆర్మ్ తిరగదు, కొన్ని థియేటర్లలో ఆ ఇబ్బంది ఉంది.

చిన్న గాటు చాలని సందర్భాలూ ఉన్నాయి. సేక్రమ్ నరాల రంధ్రాల మీదుగా నిలువునా విరిగి, ముక్క నరాన్ని నొక్కుతూ పాదం పైకి లేవకపోతే తెరిచి ముక్క తీయాల్సి రావచ్చు. అలా విరిగినప్పుడు స్క్రూతో మరీ నొక్కి బిగిస్తే నరం నలుగుతుంది కూడా. నిలువునా విరిగినదానికి ఒక్కోసారి ఈ స్క్రూలొక్కటే చాలవు, నడుం పూస నుంచి తుంటి ఎముక దాకా రాడ్డు వేస్తారు. మీ నాన్నగారిది ఎక్స్‌రే ప్రకారం కీలు తప్పడమే, ఎముక విరగడం కాదు. సీటీ కూడా అదే చెబితే స్క్రూకి మంచి కేసే. ముందుభాగంలో మూత్రాశయం చిరిగి, అక్కడ ప్లేటు పెట్టడం చీముకి భయమనిపిస్తే చర్మం కింద అడ్డంగా కడ్డీ వేసే ఇన్‌ఫిక్స్ ఉంది, మొలతాడు కింద మరో మొలతాడులాగ. మూణ్ణాలుగు నెలలకి తీసేస్తారు. తొడ పక్కన తిమ్మిరి రావడం దానితో ఉండే బాధ.

అందుకని రేపు రౌండ్స్‌లో డాక్టరు గారిని అడగండి: బరువు కట్టాక మళ్లీ తీసిన ఎక్స్‌రేలో కాలు ఎంత దిగింది? సీటీలో మొదటి పూసలో స్క్రూకి దారి ఉందా? టేబుల్ మీద మూసిన పద్ధతిలో ఎముక రాకపోతే అప్పుడే తెరుస్తారా, దానికి సంతకం ఇప్పుడే తీసుకుంటున్నారా? మూడోది ముఖ్యం. "రాకపోతే తెరుస్తాను" అనే సర్జన్ మీద నాకు నమ్మకం ఎక్కువ. "చిన్న గాటే, ఇంకేమీ ఉండదు" అనేవాళ్ల దగ్గర కాస్త ఆగుతాను.

క్రియాటినిన్ 1.9 సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస వైపునుంచి ఎవరు వచ్చినా నేను ఎముక కంటే ముందు ఆ కాగితం చూస్తాను. ఎముక చూడ్డానికి సీటీ మందు ఎక్కించకుండానే తీయొచ్చు. రక్తనాళం తెగిందని అనుమానం ఉంటేనే ఆ మందు, అప్పుడు కూడా కిడ్నీ డాక్టరుతో మాట్లాడి. కిడ్నీని దెబ్బతీసే నొప్పి మందులు, డైక్లోఫినాక్, అసిక్లోఫినాక్ ఇంజెక్షన్లు, మాత్రలు వద్దని కేస్‌షీటు మీద రాయించండి. రాత్రి డ్యూటీ వాళ్లకి తెలియక "నొప్పి అంటున్నాడు" అని వేసేస్తారు. పారాసెటమాల్, అవసరమైతే దానికంటే గట్టివి వేరే ఉన్నాయి. అమికాసిన్, జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు కూడా కిడ్నీని చూసుకునే వేయాలి. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద వేసే ఇంజెక్షన్ ఇవ్వాల్సిందే, మోతాదు కిడ్నీ పనితనం చూసి. పాదాలు పైకీ కిందికీ ఆడించమనండి, గంటకోసారి. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే పిలవాలి.

ఆపరేషన్ సజావుగా అయితే మర్నాడో ఆ మర్నాడో మంచం మీద కూర్చోబెడతారు. ఎడమకాలి మీద బరువుతో వాకర్. కుడికాలు నేలకి తాకితే చాలు, బరువు పడకూడదు. ఇలా పది పన్నెండు వారాలు. ఎముక విరిగింది ఎనిమిది వారాలకి అతుక్కుంటుంది గానీ, తెగిన పట్టీలు అంతకంటే నెమ్మది. నొప్పి తగ్గింది కదా అని నెలకే కర్ర వదిలేసి స్క్రూ వదులు చేసుకున్నవాళ్లని చూశాను. నేల మీద బాసింపట్టు, చెరువు గట్టున గొంతుక్కూర్చోవడం మూడు నెలలు వద్దు. మరుగుదొడ్డికి మధ్యలో కన్నం ఉన్న కుర్చీ కొనండి, ఆపరేషన్‌కి ముందే. తర్వాత వెతుక్కునే ఓపిక ఉండదు.

ఏడాది పోయాక స్క్రూ కొంచెం కదిలినట్టో, ముందు ప్లేటు స్క్రూ ఒకటి విరిగినట్టో ఎక్స్‌రేలో కనిపించొచ్చు. నడిచేటప్పుడు ఆ కీళ్లు కాస్త కదులుతూనే ఉంటాయి. నొప్పి లేకపోతే దాన్ని ముట్టుకోం. "రాడ్డు తీయించాలా" అని అందరూ అడుగుతారు, మామూలుగా అక్కర్లేదు. కుడి పిరుదు పైన వాన రోజుల్లో నొప్పి కొంతమందికి ఉండిపోతుంది. అది ముందే తెలిసి ఉండటం మంచిది.

ఒకటి ఆయన మీతో చెప్పరు, మీరు అడగలేరు. ఈ గాయంలో అంగస్తంభన ఇబ్బంది రావచ్చు. నరాలు, మూత్రనాళం అక్కడే కదా. చాలామందిలో నెలల్లో మెరుగవుతుంది, వైద్యమూ ఉంది. మీరు కాసేపు బయటికెళ్లి, డాక్టరు గారిని ఆయనతో ఒంటరిగా మాట్లాడమనండి.

చెట్టెక్కడం సంగతి. జీడితోటలో తిరగడం, మోటారు వేసుకోవడం ఆరు నెలలకి చేసుకోగలరు. కొబ్బరిచెట్టు మాత్రం నేను ఎక్కమనను. కీలు నిలుస్తుందా లేదా అన్నది పక్కనపెట్టండి, మళ్లీ పడితే అదే ఎముకలో ఉన్న స్క్రూల మీద విరుగుతుంది, దాన్ని సరిచేయడం ఎవరి తరమూ కాదు.

ఖర్చు గురించి రాయలేదు గానీ, కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నది, దాని కింద ఈ ఆపరేషన్ అవుతుందేమో ఆసుపత్రి వాకిట్లో ఉండే ఆరోగ్యమిత్రని ఈ రోజే అడగండి. అనుమతికి రోజులు పడితే ఆ రోజులు మీకు మిగిలిన కొద్ది రోజుల్లోంచే పోతాయి. ఒకవేళ విశాఖ తీసుకెళ్లాలనే తేలితే, వంద కిలోమీటర్ల పైచిలుకు దారి, కారు వెనక సీట్లో వద్దు. అంబులెన్స్‌లో వెల్లకిలా, తొడల మట్టానికి చుట్టు బిగించి, కాలి బరువుకి బదులు చేత్తోనో స్ప్లింటుతోనో లాగుడు పోకుండా పంపించమనండి. సీటీ ఫిల్ములు కాదు, సీడీ తీసుకోండి. అక్కడి సర్జన్ ఎముకని అన్ని వైపులా తిప్పి చూసుకోవాలంటే సీడీలోనే కుదురుతుంది.